పొట్లపాదుకు పోస్టింగు

కొమరవరం ఆశ్రయ సదనంలో చారు సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ చారులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. పప్పు అని పిలిచే పదార్థం ఇంకొకటి ఉండేది. అందులో కందిపప్పు ఉందనడం కన్నా, కందిపప్పు ఒకప్పుడు అటుగా నడిచి వెళ్ళిందనడం న్యాయం. కాళ్ళు లేనివాళ్ళు, కళ్ళు లేనివాళ్ళు, నా అన్నవాళ్ళు లేనివాళ్ళు, ఇలా ఏదో ఒకటి లేనివాళ్ళందరినీ చేర్చి ప్రభుత్వం నడిపే ఇల్లది. అక్కడ కూర కూడా లేకపోతే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు, ఒక్క వీరవేణి తప్ప.

వీరవేణికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చక్రాలున్న చెక్కబల్ల మీద కూర్చుని, చేతులతో నేలను తోసుకుంటూ తిరిగేది. నోరు మాత్రం నాలుగు ఊళ్ళకు సరిపోతుంది. "కాళ్ళ బలం కూడా దేవుడు ఈవిడ నాలిక్కే కట్టబెట్టాడు" అని సూపరింటెండెంటు సర్వారాయుడు ఆమె వినకుండా అనేవాడు. ఆమె వినేసి, "మరి తమరికి రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి కదండీ, కూరల బజారు దాకా ఎప్పుడైనా ఎల్లొచ్చారా?" అనేది.

ఆయన వెళ్ళడని తేలిపోయాక, సదనం వెనక ఒక్క కరివేప తప్ప ఏమీ లేని జాగాలో తనే గోంగూర, బచ్చలి చల్లింది, వంగనారు పెట్టింది, పొట్లవిత్తు నాటింది. పొట్లపాదు పందిరెక్కేసరికి ఓ చిక్కు వచ్చిపడింది. పందిరి పైన, వీరవేణి కింద. పొట్లకాయ లేతగా ఉన్నప్పుడే కొసకు చిన్న రాయి కట్టి వేలాడదీయాలి, లేకపోతే చుట్టలు చుట్టుకుపోతుంది. రాయి కట్టాలంటే నిలబడి చెయ్యెత్తే మనిషి కావాలి.

సదనంలో ఉండేవాళ్ళలో చెయ్యెత్తితే పందిరి అందేంత పొడుగు మనిషి ఒక్కతే ఉంది, సోమాలమ్మ. బతుకంతా ఊళ్ళో వాళ్ళ చేలల్లో ఊడ్పులు ఊడ్చింది. అరవై దాటాక చూపు పోయింది. చూపుతో పాటు పనీ పోయింది. సదనానికి వచ్చిన దగ్గర్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరగలేదు. పళ్ళెం పెడితే ఓ ముద్ద తిని తోసేసేది. ఊరి డాక్టరు వచ్చి, నాడి చూసి, రోగమేమీ లేదని రాసి వెళ్ళిపోయాడు.

వీరవేణి బల్ల తోసుకుంటూ ఆమె మంచం పక్కకు చేరింది.

"పిన్నీ, లేమ్మా. పొట్లకాయకి రాయి కట్టాలి."

"నేనింకెందుకే తల్లీ, నన్నిలా పోనీ."

"పోదువుగానిలే, ఎవరొద్దన్నారు? ఆ రాయేదో కట్టేసి పో."

సోమాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే లేచి కూర్చుంది. చెక్కబల్లకు కట్టిన తాడు పట్టుకుని వీరవేణి వెనకాలే పెరట్లోకి నడిచింది. వీరవేణి కింద నుంచి చెప్పడం మొదలుపెట్టింది. "కుడికి... ఇంకాస్త... అబ్బ, అంతొద్దు! ఇప్పుడు పైకి... ఆఁ, తగిలిందా?"

"తగిలిందే! చల్లగా ఉందే! పసిపిల్ల ఏలులాగా ఉందే!"

ఆ రోజు నుంచి సోమాలమ్మ తెల్లారకుండానే లేచి కూర్చునేది. "ఒసే వేణీ, రాత్రి ఇంకేమైనా దిగాయేమో చూద్దాం పదవే" అని తొందరపెట్టేది. పాదుకు నీళ్ళు తనే మోసేది. పొట్లకాయ పెరుగుపచ్చడి చేసిన పూట మారు అన్నం అడిగేది. దీన్ని వైద్యం అంటారని వాళ్ళిద్దరికీ తెలియదు. తెలియకపోవడం వల్లే అది అంత చక్కగా సాగింది.

ఇంతలో రాజధానిలో ఓ పెద్ద అధికారి విదేశీ యాత్ర చేసి వచ్చాడు. అక్కడ వికలాంగులు, దిక్కులేనివాళ్ళు తోటపని చేసుకుంటూ హాయిగా కోలుకోవడం కళ్ళారా చూశానన్నాడు. ఆయన చూసింది నిజమే, అన్నది నిజమే. ఉత్తర్వు రాయించడం దగ్గరే వచ్చింది తంటా. దాని పేరు 'హరిత స్వస్థత పథకం'. సదనానికి అయిదుగురు ఉద్యాన చికిత్సకులు. వ్యవసాయంలో ఓ పట్టా, మనస్తత్వశాస్త్రంలో ఓ పట్టా, పైపెచ్చు ఈ పథకంలో అయిదేళ్ళ అనుభవం ఉండాలి. పథకం పుట్టి అయిదు వారాలు కూడా కాలేదు గనక, అలాంటివాడు భూమండలంలో దొరకలేదు. నెలాఖరులోగా పోస్టులు భర్తీ కాకపోతే మురిగిపోతాయి, మురగబెట్టిన సూపరింటెండెంటు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

సర్వారాయుడు చెడ్డవాడేమీ కాదు. రిపోర్టులో ఖాళీ గడి కనిపిస్తే చలిజ్వరం వచ్చే రకం, అంతే. ఆ జ్వరంలోనే ఉత్తర్వును మొదటి అక్షరం నుంచీ మళ్ళీ చదివాడు. పీఠికలో పెద్ద అధికారిగారి ఉపన్యాస వాక్యం ఒకటి దొరికింది: 'ఈ పథకమునందు మొక్కయే చికిత్సకుడు. మానవుడు నిమిత్తమాత్రుడు.' చదివి, ఎగిరి గంతేసి, జిల్లా ఉపసంచాలకులు హేమసుందరరావుగారికి ఫోను చేశాడు.

"సార్, మొక్కే చికిత్సకుడని పీఠికలో ఉందండి."

"పీఠిక ఉత్తర్వులో అంతర్భాగమేనా?"

"ఆయ్. పేజీ నెంబరు కూడా ఉందండి."

"పేజీ సంఖ్య ఉన్నదంతా ఉత్తర్వే. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా తదనుగుణంగా చర్య తీసుకొనవలసినది" అన్నారు హేమసుందరరావుగారు. ఆయన ఫోనులో కూడా అలాగే మాట్లాడేవారు.

మర్నాటికల్లా అయిదు పోస్టులూ భర్తీ అయిపోయాయి. అందరికన్నా ఎత్తున కూర్చుంది గనక పొట్లపాదు ప్రధాన చికిత్సకులు. వంగ, గోంగూర, బచ్చలి, కరివేప సహాయ చికిత్సకులు. కరివేప అందరికన్నా పాతకాపు, సీనియారిటీ ప్రకారం ప్రధాన పదవి దానికే రావాలని గుమాస్తా అభ్యంతరం చెప్పాడు గానీ, దాన్ని తర్వాత పరిశీలిద్దామన్నారు. మెడలో తలా ఒక రేకుబోర్డు వేలాడదీశారు. రోజూ పొద్దున్నే సర్వారాయుడు హాజరుపట్టీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, అందరూ ఎక్కడివారక్కడే ఉన్నారని చూసి, తృప్తిగా టిక్కు పెట్టుకుని వచ్చేవాడు.

వీరవేణి ఈ తమాషా చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మధ్యాహ్నం సోమాలమ్మ చేత లేత పొట్లకాయ ఒకటి కోయించి పెరుగుపచ్చడి చేసింది. సాయంత్రానికి మెమో వచ్చింది.

'విధి నిర్వహణలో ఉన్న ప్రధాన చికిత్సకులను కత్తిపీటతో తరిగి, ఉప్పు పిసికి, పెరుగులో కలిపి, ఆవాలు ఇంగువతో తాళింపు వేసి భుజించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలసినది.'

వీరవేణి మెమో పట్టుకుని ఆఫీసు గది గుమ్మంలోకి బల్ల తోసుకుంటూ వచ్చింది.

"ఏంటండీ ఇది? నేను కోసింది కాయండి. పాదు అక్కడే ఉంది కదండీ."

"కాయ అంటే డాక్టరుగారి అవయవం కాదూ!" సర్వారాయుడు నెత్తి కొట్టుకున్నాడు.

"మరి ఆ అవయవం తమరు కూడా ఓ గిన్నెడు లాగించారు కదండీ. ఉప్పు చాలిందా అని అడిగితే అదిరిందన్నారు."

సర్వారాయుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను తిన్నది తనిఖీ నిమిత్తం. చూడమ్మా వీరవేణీ, నీ మంచికే చెబుతున్నా. ఈసారికి నేను సర్ది రాసుకుంటాను. ఇంకోసారి డాక్టర్ల మీద చెయ్యి పడిందో, సదనం నుంచి నీ పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత రోడ్డు మీద బల్ల తోసుకుంటూ తిరగాల్సిందే."

ఆ మాటతో వీరవేణి నవ్వు ఆగిపోయింది.

చికిత్సకుల భద్రత కోసం పెరడు చుట్టూ ముళ్ళకంచె పడింది. రోగి డాక్టరుకు నీళ్ళు పోయడం ముడుపు చెల్లించడం కిందకే వస్తుందని, నీళ్ళు మానిపించారు. అటెండరు చేత పోయిద్దామంటే అటెండరు పోస్టు మంజూరు కాలేదు. పొట్లకాయలకు కట్టిన రాళ్ళన్నీ ఊడదీయించారు, వైద్యాధికారిపై అదనపు భారం మోపరాదు గనక. కంచె బయట బెంచీ వేసి, రోగులు వరసగా చీటీ తీసుకుని, చికిత్సకుల ఎదుట కాసేపు మౌనంగా కూర్చుని లేచి వెళ్ళాలన్నారు. దానికి కన్సల్టేషను అని పేరు. డాక్టరుగారు ఏమీ అనడం లేదేమిటని ఒకాయన అడిగితే, పెద్ద డాక్టర్లెవరూ మాట్లాడరని సర్వారాయుడు సర్దిచెప్పాడు.

సోమాలమ్మ వంతు వచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టి, "చూడమ్మా" అన్నాడు గుమాస్తా.

"నాకు కళ్ళు లేవు కదా నాయనా. ముట్టుకుంటేనే కదా నాకు తెలిసేది!"

"చికిత్సకులను రోగి ముట్టుకోవడం నియమావళిలో లేదు."

ఆమె గాలికి ఆకులు కదిలిన చప్పుడు వైపు తల తిప్పింది. లేచి, గోడ పట్టుకుని తడుముకుంటూ లోపలికి వెళ్ళి, మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ పూట పళ్ళెం తోసేసింది. మర్నాడూ తోసేసింది. "పిన్నీ, ఇటు తిరుగు పిన్నీ" అని వీరవేణి బతిమాలినా పలకలేదు. జన్మలో ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టుకోని వీరవేణి, ఆ మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తిండి పోతే పోయింది, చారు నీళ్ళు తాగైనా బతకొచ్చు. ఈ మనిషి పోతే తనకెవరున్నారు?

హేమసుందరరావుగారు తనిఖీకి వచ్చారు. కంచె బయట నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చికిత్సకులను తేరిపార చూశారు.

"ప్రధాన చికిత్సకులవారు చుట్టలు చుట్టుకుని ఉన్నారేమి?"

"యోగాభ్యాసం అండి" అన్నాడు సర్వారాయుడు.

"గోంగూరగారి ఆకులు రాలుచున్నవి."

"సిక్‌లీవు పెట్టారండి. శాంక్షను చేశానండి."

"వంకాయగారిలో పురుగు కనబడుచున్నది."

"ఆరోగ్యకార్డు రాగానే మందు కొట్టిస్తామండి."

హేమసుందరరావుగారి ముఖం విప్పారింది. "సంతోషం. మన జిల్లా ప్రథమ స్థానంలో ఉన్నది. పోస్టులన్నియు భర్తీ. హాజరు నూటికి నూరు. రాష్ట్రంలో ఏ ఆసుపత్రిలోనూ వైద్యులు ఇంత స్థిరంగా కూర్చొనుట నేను చూడలేదు. పైగా, మంచం దిగని అంధురాలు సోమాలమ్మ ఈ పాదు కారణంగా మంచం దిగి నడిచినట్లు మీరు పంపిన నివేదిక పై అధికారులను కదిలించినది. కావున ప్రధాన చికిత్సకులకు పదోన్నతి కల్పించి, వచ్చే వారం జిల్లా కేంద్రానికి బదిలీ చేయుచున్నాము. వేళ్ళతో సహా తరలించుటకు ఏర్పాట్లు చేయవలసినది."

సోమాలమ్మ మంచం దిగిన మాట నిజమే. అది పోస్టింగుకు ముందు సంగతి. మళ్ళీ మంచమెక్కిన సంగతి రాయడానికి నివేదికలో గడి లేదు.

కారు అటు వెళ్ళగానే వీరవేణి ఇటు సర్వారాయుడి కాళ్ళకు అడ్డంగా బల్ల నిలిపింది.

"బాబూ, అడుగుతున్నాను చెప్పండి. గవర్నమెంటు డాక్టర్ని ఉద్యోగంలోంచి పీకెయ్యాలంటే ఏం చెయ్యాలండీ?"

"పీకెయ్యడమా! అది బ్రహ్మదేవుడి తరం కాదు. డ్యూటీకి రాకపోయినా పీకరు, వచ్చి నిద్రపోయినా పీకరు."

"ఏ దారీ లేదా అండీ?"

సర్వారాయుడు కంచెలోకి చూశాడు. వంకర్లు తిరిగిన పొట్లకాయలు చూసి ఆయనకు ఆ గిన్నెడు పచ్చడి గుర్తొచ్చిందో ఏమో, మెల్లగా అన్నాడు. "ఒక్క దారుంది. ఈ డాక్టరు వల్ల మాకు రవ్వంత మేలు జరగలేదని రోగులందరూ ఫిర్యాదు చేసి, విచారణలో ఒకే మాట మీద నిలబడాలి. ఒక్కరు మేలు జరిగిందన్నారో, అయిపోయింది. బదిలీ ఖాయం."

ఫిర్యాదు వెళ్ళింది. విచారణాధికారిగా హేమసుందరరావుగారే వచ్చారు. పందిరికి ఎదురుగా బల్ల, కుర్చీ వేశారు. ముద్దాయి ఆవరణ వదలలేదు గనక కంచె గేటు తీసి, రోగులను లోపలికి రానిచ్చారు. సంజాయిషీ చెప్పుకోవలసిందిగా మొదట పొట్లపాదును అడిగారు. జవాబు రాలేదు. 'మౌనము వహించిరి' అని గుమాస్తా రాసుకున్నాడు.

ఒక్కొక్కరే వచ్చి, వీరవేణి నేర్పినట్టే, "నాకేం మేలు జరగలేదండి" అని చెప్పి వెళ్ళారు. చేతులు లేనాయన ఇంకాస్త ఉత్సాహపడి, "కీడు కూడా జరగలేదండి, అసలేం జరగలేదండి" అన్నాడు. చివరి సాక్షి సోమాలమ్మ. ఆమెను మంచం మీద నుంచి లేపి తీసుకురావడానికే ఇద్దరు మనుషులు పట్టారు. నేర్పిన మాట గుర్తుందో లేదో అడిగితే ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.

"సోమాలమ్మా," హేమసుందరరావుగారు కాగితం తిరగేశారు. "నీవు చాలాకాలం మంచం దిగలేదు. ఈ పాదు పందిరెక్కిన పిదప దిగితివి. అవునా, కాదా?"

"అవును బాబూ."

వీరవేణి కింద నుంచి ఆమె చీరకుచ్చిళ్ళు పట్టి లాగింది. సోమాలమ్మ ఆ చెయ్యి విదిలించుకుంది.

"అయితే ఈ చికిత్సకుల వలన నీకు మేలు జరిగినట్లే కదా?"

"అదేం చేసింది బాబూ నాకు?" సోమాలమ్మ గొంతు ఒక్కసారి లేచింది. "దానికి చేతులున్నాయా, నోరుందా? చేసిందంతా నేను! నీళ్ళు మోసింది నేను. రాయి కట్టింది నేను. పురుగుంటే తడిమి తీసింది నేను. కళ్ళు పోయాక నాతో ఎవరికీ పని లేకపోయింది బాబూ. తిను, పడుకో, జరుగు, ఇవే మాటలు. దీనికి మాత్రం నాతో పనిబడింది. పొద్దున్నే నేను లేవకపోతే అది వాడిపోద్దని లేచాను. నేను దాన్ని సాకాను గానీ, అది నాకేం చెయ్యలేదు. మీరు నా చేత ఆ పని మానిపించారు, నేను మళ్ళీ పడుకున్నాను. అంతే."

గుమాస్తా కలం గాల్లోనే ఆగిపోయింది. వీరవేణి తను నేర్పిన అబద్ధం కన్నా ఈ నిజం పనికొస్తుందో పాడుచేస్తుందో తెలియక హేమసుందరరావుగారి ముఖంకేసే చూస్తూ కూర్చుంది.

హేమసుందరరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ ఒక్క క్షణం ఆయన ఏదో మామూలు తెలుగులో అనబోతున్నట్టు అనిపించింది. అద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

"రాసుకోండి. చికిత్సకులు నిర్వర్తించవలసిన విధులన్నియు రోగియే నిర్వర్తించినట్లు తేలినది. ఇది క్షమించరాని విధి నిర్లక్ష్యము. ప్రధాన చికిత్సకులతో పాటు సహాయ చికిత్సకులను కూడా ఉద్యోగము నుండి తొలగించడమైనది."

గుమాస్తా మెడ గోక్కున్నాడు. "మరి సార్, ఈవిడ పోస్టింగు లేకుండా డాక్టరుకే వైద్యం చేసినట్టు కదండీ? దాని మీద ఏం చర్య తీసుకోమంటారండి?"

"రోగి వైద్యునికి చేయు చికిత్స గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు. ప్రస్తావన లేనిది జరగలేదు" అన్నారు హేమసుందరరావుగారు, సోమాలమ్మ వైపు చూడకుండా. "తొలగించబడిన వారు తక్షణమే ఆవరణ విడిచిపోవలెను."

"ఎల్లిపోతారండి," వీరవేణి చేతులు జోడించింది. "ఒక్కొక్కరే బయల్దేరతారండి, మా వంటింటి మీదుగా."

ఆ సాయంత్రమే రేకుబోర్డులు ఊడాయి. ముళ్ళకంచె పీకేశారు. సోమాలమ్మ ముందు బిందెతో నీళ్ళు తెచ్చి పాదులో పోసింది. తర్వాత చెయ్యెత్తి, వీరవేణి చెప్పకుండానే, తడుముకుంటూ తడుముకుంటూ ఓ లేతపిందెను పట్టుకుంది. దాన్ని అలా పట్టుకునే, "వాడిపోయావా తల్లీ" అని ఏడ్చింది. వీరవేణి కూడా ఏడ్చింది. ఏడ్చాక ఇద్దరూ గోంగూరలో బతికిన ఆకంతా కోసి పచ్చడి నూరారు. సోమాలమ్మ ఉల్లిపాయ నంజుకుని మారు అన్నం పెట్టించుకుంది.

రాజధానికి తుది నివేదిక వెళ్ళింది. తోటపని వలన వికలాంగులకు, నిరాశ్రయులకు ఏ విధమైన ప్రయోజనమూ లేదని కొమరవరం అనుభవం నిస్సందేహంగా రుజువు చేసిందని అందులో రాశారు. పథకాన్ని రాష్ట్రమంతటా ఎత్తేశారు. ఆ రుజువైన రోజు నుంచీ సదనం పెరట్లో బెండ, దొండ, ఆనప కూడా వెలిశాయి. చేతులు లేనాయన కాలితో కలుపు తీయడం నేర్చుకున్నాడు. ఏ ప్రయోజనమూ లేదని గట్టిగా తేలిపోయింది గనక ఎవరూ అడ్డు చెప్పలేదు. పప్పులోకి కూడా కాస్త కూర వచ్చింది.

వర్షాలు పడ్డాక ఓ పొద్దున్న సర్వారాయుడు కాగితం ఒకటి ఊపుకుంటూ పందిరి కిందకు వచ్చాడు. ముఖంలో చలిజ్వరం కనిపిస్తోంది. సోమాలమ్మ పురికొసతో రాయి కడుతోంది, వీరవేణి కింద వంగకు మట్టి ఎగదోస్తోంది.

"అమ్మా, మళ్ళీ కొత్త పథకం వచ్చేలా ఉంది. పెద్దాయన ఇంకో దేశం వెళ్ళొచ్చారట. నీళ్ళలో చేపలు ఈదుతుంటే చూస్తూ కూర్చుంటే మనోవ్యాధులు నయమవుతాయట. సదనానికో చేపల తొట్టి పంపిస్తారట."

వీరవేణి నోరు తెరిచింది. ఆమె కన్నా ముందే, పందిరి మీద నుంచి చెయ్యి దించకుండా, ఇటు తిరగకుండా, సోమాలమ్మ అంది.

"రానియ్యండి బాబూ. పోస్టింగు కాయితం వచ్చే ముందు రోజు మాత్రం ఓ కబురెట్టండి, చింతపండు నానేసుకుంటాం."